ఫేసుల ఫోల్డరులో బిక్షమ్మ

మల్లేశ్ కంప్యూటరులో మూడు వేల పైచిలుకు ముఖాలున్నాయి. హాలియా చుట్టుపక్కల ఊళ్లలో కాస్త పేరున్న ప్రతి మనిషి ముఖమూ అందులో ఉంది. పెద్ద నాయకుల దగ్గర్నుంచి వార్డు మెంబర్ల దాకా, యూత్ అధ్యక్షుల నుంచి వినాయక మండపం కోశాధికారుల దాకా అందరినీ భుజాల దగ్గర కత్తిరించి, వెనకున్న గోడలూ చెట్లూ చెరిపేసి, మొహం కాస్త తెల్లగా చేసి దాచుకున్నాడు. అతని పని ఫ్లెక్సీలు డిజైన్ చేయడం. పండగ శుభాకాంక్షలైనా, పుట్టినరోజైనా, ప్రారంభోత్సవమైనా, దశదినకర్మైనా ముందు ఆ ఫోల్డరు తెరుస్తాడు. దాని పేరు ఫేసులు.

ఇంతమంది ఉన్న ఆ ఫోల్డరులో పుట్టలగూడెం సర్పంచ్ బిక్షమ్మ మాత్రం పదవిలో ఉన్నన్నాళ్లూ నిలవలేదు. ఆమె పేరుతో ఫైలు ఉండేది. తెరిస్తే మీసాలున్న మనిషి కనిపించేవాడు. ఆయన బిక్షమ్మ భర్త రాంచందర్. ఆ ఫైల్లోకి తన ముఖం రావాలని బిక్షమ్మ ఈ షాపు మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో నాకు తెలుసు. నేను పక్క షాపులోనే ఉంటాను. చూసి ఊరుకున్నానా అంటే ఊరుకోలేదు. అరిచాను, తిట్టాను, ఒకసారి స్టేప్లరు విసిరాను. ఏం లాభం లేకపోయింది.

నా పేరు మంజులత. నాది జిరాక్స్ షాపు. మల్లేశ్ షాపుకీ నా షాపుకీ మధ్య ఒక్క రేకు అడ్డం, అటు దగ్గితే ఇటు వినిపిస్తుంది. నాకు కోపం ముక్కు మీదుంటుందని మా బజారులో అందరూ అంటారు. మిషన్లో కాగితం ఇరుక్కున్నప్పుడు నా జోలికి ఎవరూ రారు, అది రోజుకు ఇరవైసార్లు ఇరుక్కుంటుంది. అందుకని మల్లేశ్ గురించి నేను చెప్పేదాంట్లో కొంత చిరాకు కలిసే ఉంటుంది. ఆ మాట ముందే చెప్పడం మంచిది.

మల్లేశ్‌ది కేతేపల్లి దగ్గర ఒక పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి గుర్వయ్యకు అక్షరం ముక్క రాదు కానీ మందలోని నూట ఇరవై గొర్రెల్లో దేన్నయినా ముఖం చూసి చెబుతాడు. నీళ్ల దగ్గర రెండు మందలు కలిసిపోతే అవతలివాడు రంగు గుర్తులు వెతుక్కుంటూ ఉండగానే ఈయన తనవి విడదీసుకుని ఇంటిదారి పట్టేవాడట. మల్లేశ్‌కు ఆ చూపు వచ్చింది. ఎవరినైనా ఒక్కసారి చూస్తే మర్చిపోడు. డిగ్రీ మధ్యలో ఆపేసి, నల్గొండలో ఒక డీటీపీ సెంటరులో రెండేళ్లు పని నేర్చుకుని, తెలంగాణ వచ్చిన ఏడాది హాలియాలో ఈ షాపు తెరిచాడు. ప్రింటింగ్ మిషన్ కొనే తాహతు లేదు. డిజైన్ ఇక్కడ చేసి పెన్‌డ్రైవులో వేసి మిర్యాలగూడ బస్సు డ్రైవరు చేతికిస్తే, అక్కడి ప్రెస్సువాడు ప్రింటు తీసి చుట్ట చుట్టి తిరుగు బస్సులో పంపిస్తాడు. ఇప్పటికీ అదే పద్ధతి. ఈమెయిల్ చేయరాదా అంటే, అంత పెద్ద ఫైలు నెట్టులో పోవడానికి పట్టే టైములో బస్సు పోయి వస్తుందంటాడు.

ఫేసుల లోపల పార్టీకొక ఫోల్డరు ఉంది. వాటిని అతను ఫోల్డర్లనడు, దొడ్లంటాడు. ఎవరైనా నాయకుడి పేరు చెప్పగానే, ఇప్పుడు ఏ దొడ్లో ఉన్నాడో చూడాలంటాడు. మొదట్లో ఎవరైనా కండువా మారిస్తే ముఖాన్ని కాపీ చేసి కొత్త దొడ్లో పెట్టేవాడు. పాత దొడ్లోది అక్కడే ఉండిపోయేది. ఒక దసరాకు ఒకే పెద్దమనిషి హాలియా సెంటరులో ఎదురెదురు స్తంభాల మీద రెండు పార్టీల ఫ్లెక్సీల్లోనూ దండం పెడుతూ నిలబడ్డాడు. రెండు వైపుల వాళ్లూ వచ్చి షాపు మీద పడ్డారు. షట్టరు మూసుకుని మూడు రోజులు కేతేపల్లిలో తండ్రి మందతో తిరిగాడు మల్లేశ్. తిరిగొచ్చాక కాపీ అన్న మాటే మానేశాడు. ఏది ఎక్కడికి పంపినా కట్ చేసి పేస్ట్ చేయడమే. ఒక డ్రైవు నుంచి ఇంకో డ్రైవుకైనా, ఫోన్లోంచి కంప్యూటరుకైనా, కంప్యూటరులోంచి పెన్‌డ్రైవుకైనా అంతే.

నేను చెప్పి చూశాను. కాపీ చేస్తే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది, కట్ చేస్తే ఉన్న ఒక్కటీ దారిలో పోయే ప్రమాదముంది, రోజూ కాపీలు తీసే దాన్ని చెబుతున్నాను విను అన్నాను. అతను నవ్వాడు.

"ఒక్క గొర్రె రెండు మందలల్ల ఉంటదా అక్కా? ఉంటే పంచాయితే."

గొర్రె వేరు, ఫైలు వేరని ఎంత చెప్పినా ఎక్కలేదు. తండ్రి దగ్గర నేర్చిన చదువు డీటీపీ సెంటరు చదువు కంటే గట్టిగా పట్టుకుంది.

ఇక బిక్షమ్మ సంగతి. 2019 జనవరి ఎన్నికల్లో పుట్టలగూడెం సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు వచ్చింది. అప్పటికే పోటీకని నాలుగు తెల్ల చొక్కాలు కుట్టించుకున్న రాంచందర్ ఒక్క పూట దిగులుపడి, మరునాడు భార్యతో నామినేషన్ వేయించాడు. ఆమె గెలిచింది. గెలిచిన సాయంత్రమే రాంచందర్ మల్లేశ్ దగ్గరికి వచ్చి కృతజ్ఞతల ఫ్లెక్సీ చెప్పి తన ఫోటో ఇచ్చాడు. ఆమె ఫోటో ఏదీ అని మల్లేశ్ అడిగాడు, అడగలేదంటే పాపం. నలుగురికీ తెలిసిన ముఖం నాదే కదా, జనానికి గుర్తుండొద్దా అన్నాడు రాంచందర్. మల్లేశ్ ఆ ఫోటోను 'బిక్షమ్మ సర్పంచ్' అని పేరు పెట్టి దాచాడు.

రాంచందర్ చెడ్డవాడేమీ కాదు. పింఛన్లు రాని ముసలివాళ్లను బండి మీద ఎక్కించుకుని మండలాఫీసుకు తిప్పేవాడు. నా షాపుకొచ్చినప్పుడల్లా నాకూ చాయ్ చెప్పేవాడు. అందరూ సర్పంచ్ సాబ్ అని పిలుస్తుంటే పలికేవాడు. అందులో తప్పుందన్న అనుమానం ఆయనకు ఒక్కనాడూ రాలేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

బిక్షమ్మ మాత్రం సర్పంచ్ అయ్యాక కూడా నాట్లకు పోవడం మానలేదు. పద్నాలుగు మంది ఆడవాళ్ల కూలి ముఠాకు ఆమే పెద్ద. ఏడో తరగతి దాకా చదివింది. పంచాయతీ తీర్మానాలు చదివిగాని సంతకం పెట్టదని కార్యదర్శి విసుక్కునేవాడు. ఫ్లెక్సీల మీద ఎవరి బొమ్మ ఉందో మొదటి రెండేళ్లు ఆమె పట్టించుకోలేదు.

2021 వానాకాలంలో ఆ ఊళ్లో పల్లెవనం ప్రారంభోత్సవం జరిగింది. పెద్ద అధికారులు వస్తున్నారని గేటు మీద పది అడుగుల ఫ్లెక్సీ కట్టారు. బిక్షమ్మ కొత్త చీర కట్టుకుని గేటు దగ్గరికి వెళితే, బందోబస్తుకు బయటి నుంచి వచ్చిన కానిస్టేబులు ఆపాడు. నేను సర్పంచునని చెప్పింది. అతను తలెత్తి ఫ్లెక్సీ చూశాడు. పేరు కింద మీసాలున్నాయి. సర్పంచ్ లోపలున్నాడు, నువ్వు తాడు అవతల నిలబడమ్మా అన్నాడు. ఆమె కూలి ముఠా ఆడవాళ్లతో తాడు అవతల నిలబడి, తన ఊరి మొక్కను తన పేరున భర్త నాటుతుంటే చూసింది.

మూడోనాడు ఒక్కతే హాలియా వచ్చింది. మల్లేశ్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా పేరు కింద నా మొకం ఉండాలె తమ్మీ. తెల్లగ చెయ్యకు, పెద్దగ చెయ్యకు. నేను ఎట్లున్ననో అట్లుండాలె."

నామినేషన్ కోసం దిగిన పాస్‌పోర్టు ఫోటో ఒక్కటి కొంగున కట్టుకుని తెచ్చింది. దాన్ని నేనే స్కాన్ చేసి పెన్‌డ్రైవులో మల్లేశ్‌కు ఇచ్చాను. అతను 'బిక్షమ్మ సర్పంచ్' అని పేరు కొట్టగానే కంప్యూటరు ఒక పెట్టె చూపించింది. ఇదే పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాన్ని తీసేసి దీన్ని పెట్టాలా, దీన్ని వదిలేయాలా, రెండూ ఉంచాలా అని. మల్లేశ్ తీసేసి పెట్టమని నొక్కాడు. రాంచందర్ పోయి బిక్షమ్మ వచ్చింది. తెర మీద తనను చూసుకుని ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. బ్యాంకులో ఇవ్వాలని ఫోటో తిరిగి తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు కడుపు నిండినట్టైంది.

ఆ నిండిన కడుపు వారం కూడా ఉండలేదు. రాంచందర్ కొత్తగా కోటు కుట్టించుకుని, అందులో దిగిన ఫోటో మల్లేశ్‌కు వాట్సాప్‌లో పంపి, ఇకనుంచి ఇదే వాడమన్నాడు. మల్లేశ్ దించుకుని అదే పేరు పెట్టాడు. అదే పెట్టె వచ్చింది. బతుకమ్మ సీజను, షాపు నిండా జనం, కంప్యూటరు ఏమడుగుతోందో కూడా చూడకుండా అలవాటుగా అదే బొత్తం నొక్కాడు. బిక్షమ్మ పోయి రాంచందర్ వచ్చాడు.

బతుకమ్మ ఫ్లెక్సీ మీద తంగేడు పూల మధ్య కోటు వేసుకున్న మీసాల మనిషిని చూసి గానీ నాకు విషయం తెలియలేదు. పోయి నిలదీశాను. రెండూ ఉంచే బొత్తం కూడా ఉంది కదా, అది నొక్కితే నీ సొమ్మేం పోయిందని అడిగాను. ఒక మనిషికి రెండు ఫైళ్లుంటే మళ్లీ తికమకే అన్నాడు. వీళ్లు ఒక మనిషి కాదురా, ఇద్దరు మనుషులు అన్నాను. అతను మౌస్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. నా స్కాన్ అయినా ఉండాలి కదా అని నా మిషన్లో వెతికాను. మిషన్ నెమ్మదిస్తోందని ప్రతి సాయంత్రం అన్నీ నేనే చెరిపేస్తాను. బిక్షమ్మనూ చెరిపేశాను. ఆ తప్పు నాది, మల్లేశ్ మీద అరిచేటప్పుడు నేను ఆ మాట ఎత్తలేదు.

బిక్షమ్మ వచ్చి ఫోల్డరు చూపించమంది. చూసింది. తిట్టలేదు.

"నేను ఏడ పోయిన తమ్మీ?"

మళ్లీ ఫోటో దిగి తెస్తానని ఆమె వెళ్లిపోయింది. కూలి మానుకుని హాలియా రావాలంటే ఆమెకు నెలలు పట్టేది. తెచ్చేసరికి మళ్లీ దసరా వచ్చింది.

ఈసారి నేను నా షాపు వదిలేసి మల్లేశ్ వెనకే నిలబడ్డాను. పాత ఫైలు తీసేయించి బిక్షమ్మను పెట్టించాను. దసరా ఫ్లెక్సీలో ఆమెను పెట్టించాను. అంతా సరిగ్గా ఉంది. నాకు జిరాక్స్ గిరాకీ వస్తే ఇటు వచ్చాను. అటు బస్సు హారన్ కొట్టింది. మల్లేశ్ డిజైనును పెన్‌డ్రైవులోకి పంపుతుంటే మళ్లీ ఆ పెట్టె వచ్చింది. పోయిన ఏటి పుట్టలగూడెం దసరా ఫైలు అదే పేరుతో పెన్‌డ్రైవులో ఉండిపోయింది. అతను ఈసారి జాగ్రత్తపడ్డాడు. తీసేసి పెట్టమని నొక్కలేదు. వదిలేయమని నొక్కాడు.

మర్నాడు రాంచందర్ మళ్లీ కోటులో దండం పెడుతూ వేలాడాడు. కింద పోయిన ఏడాది అంకె ఉంది. ఊళ్లో ఒక్కరూ ఆ సంగతి గమనించలేదు, దండాలూ కండువాలూ సరిపోతే ఏడాది ఎవడిక్కావాలి. నేను పోయి ఎందుకలా చేశావని అరిచాను.

"నువ్వే గదక్కా, మార్చే బొత్తం వొత్తొద్దని తిట్టినవ్."

స్టేప్లరు విసిరింది అప్పుడే. తగల్లేదు. ఇంటికెళ్లాక తగలనందుకు కాసేపు సంతోషించాను, కాసేపు బాధపడ్డాను.

సరే, కనీసం ఆమె ముఖం కంప్యూటరులో భద్రంగా ఉందిలే అనుకున్నాను. 2023లో రాంచందర్ కండువా మార్చాడు. మారిన మధ్యాహ్నమే కొత్త కండువాతో ఫోటో పంపాడు. మల్లేశ్ తన పద్ధతి ప్రకారం పాత దొడ్లో ఆ పేరున్న ఫైలును తీసేసి, కొత్త దొడ్లో కొత్త ఫోటో పెట్టాడు. తీసేసిన ఫైల్లో ఉన్నది బిక్షమ్మ. ఆమె పార్టీ మారిందో లేదో ఎవరూ అడగలేదు. నేను అడిగితే, తనకు ఎవరూ కండువా కప్పలేదని చెప్పింది.

ఇట్లా ఐదేళ్లు కావొచ్చాయి. 2024 ఫిబ్రవరి ఒకటితో పదవీకాలం ఆఖరు. ఆ రోజు పంచాయతీ ముందు బిక్షమ్మకు సన్మానం చేయాలని కూలి ముఠా ఆడవాళ్లు అనుకున్నారు. వాళ్ల తరఫున సైదమ్మ అనే ఆమె వచ్చి ఫ్లెక్సీ చెప్పింది. ఎనిమిదడుగులు ఆరడుగులు. నాయకులెవరూ వద్దు, బిక్షమ్మ ఒక్కతే ఉండాలి, కింద 'మన బిక్షమ్మకు కృతజ్ఞతలతో, నాటు ముఠా' అని రాయాలి. నాయకుడి ముఖం లేని ఫ్లెక్సీ చేయడం మల్లేశ్‌కు అదే మొదటిసారి. చుట్టూ అంత ఖాళీ ఏం చేయాలో తెలియక చాలాసేపు తెర వంక చూస్తూ కూర్చున్నాడు.

ఫోటో తనే తీస్తానన్నాడు. బిక్షమ్మను పిలిపించి నా షాపులో తెల్లగోడ ముందు నిలబెట్టి ఫోన్‌తో తీశాడు. కండ్లు మూసుకున్ననా అని ఆమె రెండుసార్లు అడిగింది. మూయలేదు. మంచి ఫోటో. ఎండకు కమిలిన ముఖం, ముక్కుపుడక, కుడి కనుబొమ మీద చిన్న గాటు, ఏదీ చెరపలేదు అతను. డిజైన్ అయ్యాక నన్ను పిలిచి చూపించాడు. అతను చేసిన వందల ఫ్లెక్సీల్లో నాకు నచ్చింది అదొక్కటే, ఆ మాట అతనితో చెప్పాను కూడా.

ఇంత చేసినవాడు చివర్లో ఏం చేశాడంటే, ఫోటోను ఫోన్లోంచి కంప్యూటరులోకి కట్ చేశాడు. ఫోటోనూ డిజైన్‌నూ ఒక ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరును ఉన్నపళంగా పెన్‌డ్రైవులోకి కట్ చేశాడు. కాపీ చెయ్యి, కాపీ చెయ్యి అని రేకు ఇవతల నుంచి నేను అరుస్తూనే ఉన్నాను. అయిపోయిందక్కా అన్నాడు. బస్సు కదులుతోందని పెన్‌డ్రైవును సగంలో పీకినట్టు పీకి పరిగెత్తాడు.

మిర్యాలగూడలో ఆ పెన్‌డ్రైవు తెరుచుకోలేదు. ఫార్మాట్ చేయాలా అని అడిగిందట. ప్రెస్సువాడు మల్లేశ్‌కు ఐదుసార్లు ఫోన్ చేశాడు. మల్లేశ్ ఆ మధ్యాహ్నం నందికొండలో ఒక హోటలు బోర్డు కొలతలు తీసుకుంటూ నిచ్చెన మీద ఉన్నాడు, ఫోన్ బండి డిక్కీలో ఉంది. తెల్లారితే కార్యక్రమం. ప్రెస్సువాడు మంచివాడు, మాట పోకూడదనుకున్నాడు. రాయాల్సిన వాక్యం ముందే వాట్సాప్‌లో వచ్చి ఉంది. తన కంప్యూటరులో పుట్టలగూడెం బిక్షమ్మ పేరుతో ఉన్న పాత పని వెతికి, అందులోని ముఖాన్ని పెద్దగా చేసి, కింద ఈ వాక్యం వేసి ప్రింటు తీసి పొద్దున్న బస్సుకు పంపాడు. ఆడవాళ్లు బస్సు దగ్గరే చుట్ట అందుకుని ఆటోలో తీసుకెళ్లారు.

నేనూ మల్లేశ్ పదకొండింటికి పుట్టలగూడెం చేరాం. కుర్చీల వెనక రెండు వాసాలకు ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎనిమిదడుగుల మేర రాంచందర్, కోటులో, దండం పెడుతూ. కింద మన బిక్షమ్మకు కృతజ్ఞతలతో. పంచాయతీ కార్యదర్శి, పెద్దమనుషులు, పూలదండ పట్టుకున్న సైదమ్మ, అందరూ ఫ్లెక్సీ వంకా బిక్షమ్మ వంకా చూస్తున్నారు. మొదటిసారి రాంచందర్ కూడా ఇబ్బందిపడ్డాడు. అయినా నోరు ఊరుకోదు కదా.

"ఉండనీయ్ తియ్యి. ఇద్దరం ఒకటే గద."

బిక్షమ్మ కుర్చీలోంచి లేచింది. పక్కన పశువుల కొట్టం దగ్గర గడ్డి కోస్తున్న ఆడమనిషి చేతిలోంచి కొడవలి అడిగి తీసుకుంది. ఫ్లెక్సీ దగ్గరికి వచ్చి, ఆయన కోటు కాలరు దగ్గర మొన పెట్టి, తొందరపడకుండా చెవుల చుట్టూ తిప్పి ముఖం మొత్తం గుండ్రంగా కోసింది. ఆ ముక్కను మడత పెట్టకుండా తెచ్చి రాంచందర్ చేతికిచ్చింది. తర్వాత ఫ్లెక్సీ వెనక్కి వెళ్లి, పీట ఎక్కి, ఆ రంధ్రంలోంచి ముఖం బయట పెట్టింది. నిలువెత్తు కోటు మీద ఆమె ముఖం చిన్నగా కనిపించింది.

"ఇప్పుడు తియ్యి తమ్మీ. ఈసారి నేనే ఉన్న."

ముఠా ఆడవాళ్లు ముందు నవ్వారు. ఆమె నవ్వకపోవడం చూసి వాళ్లూ ఆపేశారు. మల్లేశ్ ముందుకొచ్చి మూడు ఫోటోలు తీశాడు. రాంచందర్ తన ముఖాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. సైదమ్మ ఫ్లెక్సీ ముందుకు వెళ్లి, చేయి చాపి, పూలదండను ఆ రంధ్రం అంచులకు తగిలించింది. దండతో మల్లేశ్ ఇంకో ఫోటో తీశాడు. సన్మానం అట్లాగే జరిగింది.

మరునాడు పొద్దున్నే నేను మల్లేశ్ షాపులో ఉన్నాను. నా కళ్ల ముందు చేయమన్నాను. ఫోటో కంప్యూటరులోకి దించాడు, చుట్టూ ఉన్న కోటూ ఫ్లెక్సీ చెరిపాడు, పూలదండ ఉంచాడు. 'బిక్షమ్మ సర్పంచ్' అని పేరు పెట్టాడు. పెట్టె వచ్చింది. ముందు నా వంక చూసి, నేను తలూపాక రాంచందర్‌ను తీసేశాడు. ఫైలు తెరిచి చూపించాడు. బిక్షమ్మ ఉంది. నేను వెళ్లి మిషన్ ఆన్ చేసి, రెండు చాయ్‌లు చెప్పి తిరిగొచ్చాను.

తిరిగొచ్చేసరికి ఫైలు అక్కడ లేదు. ఏం చేశావని అడిగాను. నిన్నటితో సర్పంచుల పదవులన్నీ అయిపోయాయి కదా, పొద్దున్నే కొత్త దొడ్డి తెరిచానని చెప్పాడు. మాజీలు అని దాని పేరు. ఊరూరి సర్పంచులందరినీ కలిపి పట్టి ఒక్కసారే అందులోకి కట్ చేశాడు. ఐదేళ్లలో ఎక్కువకాలం ఆ పేరు మీద భర్త ఉన్నాడు. ఆమె వచ్చి పావుగంట కాలేదు, వచ్చిన దొడ్లోంచి వెళ్లిపోయింది. ఈమె ఒక్కదాన్నీ ఆ పాత ఫోల్డరులోనే ఉంచమని అడిగాను. కాపీ అయినా ఒకటి అక్కడ పెట్టమన్నాను. బతిమాలాను కూడా, నేను బతిమాలడం మల్లేశ్ ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పటికే ఆమెవి అన్నీ తప్పుగనే పెట్టిన అక్కా. గీ ఒక్కటన్న సరిగ్గ ఉండనీయ్."

చాయ్ తాగకుండానే ఇటు వచ్చేశాను. ఆ రోజు కాగితం ఎన్నిసార్లు ఇరుక్కుందో లెక్కపెట్టలేదు.

వారం తర్వాత బిక్షమ్మ కూలికి పోతూ నా షాపు ముందు ఆగింది. మల్లేశ్ షట్టరు ఇంకా తెరవలేదు. ముఠా ఆడవాళ్లు ఆటోలో ఎదురుచూస్తున్నారు.

"చెల్లే, నా మొకం ఉన్నదా? మళ్ల ఏడికన్న పోయిందా?"

ఉందక్కా, నేనే దగ్గరుండి చూశాను, ఈసారి ఎక్కడికీ పోదు అన్నాను. ఆమె సంతోషంగా తలూపి ఆటో ఎక్కింది. ఏ ఫోల్డరులో ఉందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.